వెలుగు ఆకుకు చేరాలి, వేడి గది దాటాలి
గ్రో లైట్ల కింద సాగులో రిఫ్లెక్టరు, చల్లదనం ఎంపిక వెనుక ఉన్న భౌతికశాస్త్రం

సూర్యుడితో పని లేకుండా గదిలోనే మొక్కలు పెంచడం మన దేశానికి కొత్త కాదు. అరటి పిలకలను సీసాల్లో వేలకొద్దీ తయారుచేసే టిష్యూ కల్చర్ ప్రయోగశాలల్లో అరలు, ట్యూబులైట్లు దశాబ్దాలుగా ఉన్నాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఇక్రిశాట్, వారణాసిలో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దక్షిణాసియా కేంద్రం కృత్రిమ కాంతి సాయంతో ఏడాదిలో ఎక్కువ తరాల పంటను తీసే ‘స్పీడ్ బ్రీడింగ్’ కేంద్రాలను నడుపుతున్నాయి. వీటికి తోడు ఇప్పుడు నగరాల్లో ఖాళీ గదినో, మేడమీది షెడ్డునో మార్చుకుని లెట్యూస్, తులసి, మైక్రోగ్రీన్స్ పెంచి హోటళ్లకు అమ్మేవారూ కనిపిస్తున్నారు.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని వాట్ల లైటు కొనాలి? అడగాల్సిన ప్రశ్నలు నిజానికి రెండు. ఆ లైటు వెలుగులో ఎంత భాగం ఆకు మీద పడుతుంది? దాని వేడి గదిలోంచి ఎలా బయటికి పోతుంది? ఈ రెంటికీ జవాబు లేకుండా వాట్లు పెంచితే కరెంటు బిల్లు పెరుగుతుంది, మే నెల వచ్చేసరికి మొక్కలు వాడిపోతాయి.

వాటు వాటుకూ లెక్క

మొక్క కాంతిని కొలిచే తీరు మన కంటికి భిన్నం. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది ప్రధానంగా 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి. అందులో లెక్కకు వచ్చేది ఫోటాన్ల సంఖ్య. అందుకే గ్రో లైటు సామర్థ్యాన్ని ల్యూమెన్లలో కాకుండా, ఒక జౌలు విద్యుత్తుకు ఎన్ని మైక్రోమోల్‌ల ఫోటాన్లు ఇస్తుందన్న లెక్కలో చెబుతారు.

అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జేకబ్ నెల్సన్, బ్రూస్ బగ్బీ 2014లో రకరకాల గ్రో లైట్లను పోల్చి చూశారు. అప్పటి మేలైన సోడియం దీపం, మేలైన ఎల్‌ఈడీ రెండూ జౌలుకు సుమారు 1.7 మైక్రోమోల్‌ల దగ్గరే తేలాయి. ఆ తర్వాత ఎల్‌ఈడీలు వేగంగా మెరుగుపడ్డాయి. ఇవాళ మంచి ఎల్‌ఈడీ ప్యానెళ్లు జౌలుకు 3 మైక్రోమోల్‌ల దరిదాపుల్లో ఇస్తున్నాయి.

ఇంత మంచి ప్యానెల్‌లో కూడా 100 వాట్ల విద్యుత్తు ఇస్తే సుమారు 60 వాట్లే కాంతిగా వస్తుంది. మిగిలిన 40 వాట్లు ప్యానెల్ వెనకవైపు వేడిగా తేలుతుంది. మరి ఆ 60 వాట్ల కాంతి ఏమవుతుంది? కొంత గోడ పీల్చుకుంటుంది, కొంత కుండీ, కొంత నేల, మిగిలింది ఆకు. ఆకులో చక్కెరగా, పిండిపదార్థంగా నిలిచేది అందులో కొద్ది శాతమే. తక్కినదంతా ఏదో ఒక రూపంలో వేడిగానే మారుతుంది. అంటే 100 వాట్ల లైటు వెలిగించడం, వేడి లెక్క ప్రకారం, ఇంచుమించు 100 వాట్ల హీటరు పెట్టడమే. ‘ఎల్‌ఈడీ చల్లని వెలుగు’ అన్న మాట అందుకే సగం నిజం. అదే వెలుగును తక్కువ కరెంటుతో ఇస్తుంది కాబట్టి దాని వల్ల గదికి చేరే వేడి తక్కువ. తాను తీసుకున్న కరెంటును మాత్రం అదీ చివరికి వేడిగానే మారుస్తుంది.

వెలుగును తినేది దూరం కాదు, గోడ

లైటును రెట్టింపు ఎత్తుకు జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. ఆ విలోమ వర్గ నియమం సరైనదే కానీ, చుట్టూ ఏమీ లేని చోట వెలిగే చిన్న దీపానికి మాత్రమే అది అచ్చంగా వర్తిస్తుంది. దీపం నుంచి బయల్దేరిన ఫోటాన్ దూరం వెళ్లినంత మాత్రాన మాయమైపోదు, పక్కకు చెదిరి వేరే చోట పడుతుంది. ఆ వేరే చోటు తెల్లని గోడ అయితే అది తిరిగి మొక్క వైపు వస్తుంది. ముదురు రంగు గోడ అయితే అక్కడే వేడిగా మారిపోతుంది.

చిన్న లెక్క చూద్దాం. పక్కకు పోయిన కాంతి మూడుసార్లు గోడలను తాకి ఆకును చేరుతుందనుకుందాం. గోడ 90 శాతం కాంతిని తిప్పి పంపేదైతే మూడు దెబ్బల తర్వాత మిగిలేది 73 శాతం. 70 శాతం తిప్పి పంపే గోడైతే 34 శాతం. సగమే తిప్పి పంపేదైతే 12.5 శాతం. గోడ నాణ్యతలో కొద్దిపాటి తేడా, కాంతి పదేపదే తగిలే గదిలో ఇంత పెద్ద తేడా అవుతుంది. పైగా పక్కనుంచి వచ్చే వెలుగు, పై ఆకుల నీడలో ఉన్న కింది ఆకులకు కూడా అందుతుంది.

రంగు సంగతి కూడా మరవకూడదు. పాత కార్యాలయాల గోడలకు కనిపించే లేత ఆకుపచ్చ మన కంటికి వెలుతురుగానే తోస్తుంది. కానీ ఆ రంగు కనిపిస్తోందంటేనే ఎరుపు, నీలం కాంతిలో కొంత గోడ పీల్చుకుంటోందని అర్థం. ఆకుకు బాగా పనికొచ్చేవి ఆ రెండే.

మెరుపా, తెలుపా?

రిఫ్లెక్టరు అనగానే అందరికీ గుర్తొచ్చేది మెరిసే వస్తువు. అద్దం, వంటింటి అల్యూమినియం రేకు, వెండిరంగు ప్లాస్టిక్ పొర. గది గోడలకు మాత్రం మెరుపులేని తెలుపే ఎక్కువ సందర్భాల్లో మంచి ఎంపిక.

టైటానియం డైఆక్సైడ్ కలిసిన మ్యాట్ తెల్ల ఎమల్షన్ పెయింటు 80 నుంచి 90 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. ఆ కాంతి ఒకే దిశలో కాకుండా అన్ని వైపులా చెదురుతుంది కాబట్టి ఆకుల మీద వెలుగు సమంగా పరుచుకుంటుంది. మన ఇళ్లలో తరతరాలుగా వేసే సున్నం కూడా ఇదే కోవలోది. రెండు మూడు పూతలు ఒత్తుగా వేసిన తెల్ల సున్నం పెయింటుకు మరీ వెనకబడదు. తాజా సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల బూజు తొందరగా పట్టదు. అయితే అది పొడిగా రాలుతుంది కనుక, శుభ్రతే ప్రాణమైన టిష్యూ కల్చర్ గదులకు పనికిరాదు.

అల్యూమినియం పూత పూసిన పాలియెస్టర్ పొర, అంటే బజారులో మైలార్ పేరుతో దొరికేది, కొత్తగా, ముడతలు లేకుండా ఉన్నప్పుడు 90 శాతం దాకా తిప్పి పంపగలదు. గోడకు రంగు వేయలేని అద్దె గదుల్లో, తెరలా వేలాడదీయాల్సిన చోట అది అక్కరకొస్తుంది. కానీ దాన్ని రుద్ది తుడిస్తే గీతలు పడతాయి. ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు ఉన్న మందపాటి పాలిథీన్ పట్టా ఇంకాస్త తక్కువ తిప్పి పంపినా, కడగడానికి వీలుగా ఉంటుంది.

వంటింటి రేకు గురించి ఒక అపోహ ఉంది. అది వెలుగును ఒకచోట పోగుచేసి ఆకులను కాల్చేస్తుందంటారు. చదునుగా ఉన్న ఏ అద్దమూ కాంతిని ఒకచోటికి చేర్చలేదు. లోపలికి వంగిన ముడత మాత్రమే ఆ పని కొద్దిగా చేస్తుంది. రేకుతో అసలు ఇబ్బందులు వేరు. అది నలుగుతుంది, ముడతల మధ్య కాంతి పదేపదే తగిలి తగ్గుతుంది, అన్నిటికీ మించి అది విద్యుత్ వాహకం. నీళ్లు, వైర్లు పక్కపక్కనే ఉండే గదిలో దాన్ని వాడకపోవడమే మేలు. ఇక గాజు అద్దంలో కాంతి గాజులోంచి రెండుసార్లు వెళ్లిరావాలి. ఆ ప్రయాణంలో కొంత గాజే పీల్చుకుంటుంది. బరువు, ధర, పగిలే భయం అదనం. తెల్లగా కనిపించే థర్మోకోల్ షీట్లు కాంతిని బాగానే తిప్పి పంపుతాయి కానీ, అవి తేలిగ్గా అంటుకుంటాయి. వేడెక్కే దీపాల దగ్గర వాటికి చోటివ్వకూడదు.

ఏది ఎంచుకున్నా దుమ్ము పడితే ఫలితం తగ్గుతుంది. ఉప్పునీటి బోర్లున్న ప్రాంతాల్లో నీళ్లు చిమ్మితే ఎండాక తెల్లటి చారలు మిగులుతాయి. నెలకోసారి మెత్తని తడిగుడ్డతో తుడవగలిగే ఉపరితలం, తుడవలేని ఖరీదైన ఉపరితలం కంటే నయం.

మెరిసే లోహానికి సరైన చోటు దీపం తల మీద. ట్యూబులైటు నలువైపులా వెలుగుతుంది. దాని కాంతిలో సగం పైకప్పు వైపే పోతుంది. సోడియం దీపం సంగతీ అంతే. వీటికి వంపు తిరిగిన అల్యూమినియం రిఫ్లెక్టరు తప్పనిసరి. ఎల్‌ఈడీ అలా కాదు. చిప్పు ముందువైపుకే వెలుగునిస్తుంది కాబట్టి దానిపైన రిఫ్లెక్టరు టోపీ అవసరం ఉండదు. ఎల్‌ఈడీ కొన్నవారు రిఫ్లెక్టరు డబ్బును గోడల మీద, అరల అంచుల మీద, కుండీల మధ్య ఖాళీని కప్పే తెల్ల షీట్ మీద ఖర్చుపెట్టడం తెలివైన పని.

దీపాన్ని చల్లబరచడం వేరు, గదిని చల్లబరచడం వేరు

సోడియం దీపం తన వేడిలో పెద్ద భాగాన్ని పరారుణ కిరణాలుగా నేరుగా మొక్క మీదికి పంపుతుంది. దాని కింద ఆకు, చుట్టూ ఉన్న గాలికంటే వేడిగా ఉండవచ్చు. అందుకే కొన్నిచోట్ల దీపాన్ని గాజుపలక ఉన్న గూటిలో బిగించి, అందులోంచి ఫ్యాన్‌తో గాలి లాగుతారు. గాజుపలక ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం, రెండు ముఖాలకు కలిపి 8 శాతం వెలుగు వెనక్కి పోతుంది. వేడి దీపం దగ్గరే పట్టుబడి బయటికి పోతుంది కాబట్టి చిన్న గదిలో ఈ బేరం గిట్టుబాటే.

ఎల్‌ఈడీకి సమస్య తలకిందులు. అది ముందువైపు పరారుణ కిరణాలను పెద్దగా పంపదు, వేడంతా చిప్పు వెనక పోగవుతుంది. చిప్పు వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. ఎరుపు చిప్పులు నీలం వాటికంటే వేడికి ఎక్కువ లొంగుతాయి. ఆ వేడిని లాగి గాలికి అప్పగించేదే వెనక ఉండే అల్యూమినియం హీట్ సింక్. దాని రెక్కల మధ్య గాలి పైకి లేచే దారి ఉండాలి. ప్యానెల్‌ను పై అర చెక్కకు ఆనించి బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. రెక్కల మీద దుమ్ము పేరుకున్నా అంతే. విద్యుత్తును ఎల్‌ఈడీకి అనువుగా మార్చే డ్రైవరు పెట్టె కూడా వేడెక్కుతుంది. వీలైతే దాన్ని గది బయట బిగించాలి. టిష్యూ కల్చర్ గదుల్లో ట్యూబులైట్ల చోక్‌లను బయటి గోడకు పెట్టే పాత అలవాటు వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

ఇంతవరకు చేసినది వేడిని దీపం నుంచి గదిలోకి తేవడం మాత్రమే. దాన్ని గది నుంచి బయటికి పంపడం మిగిలే ఉంది. దారులు మూడు.

మొదటిది గాలి మార్పిడి. ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.2 కిలోజౌళ్లు తీసుకుంటుంది. గదిలో 1,000 వాట్ల లైట్లున్నాయనుకుందాం. లోపలి గాలి బయటి గాలికంటే 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే గంటకు 600 ఘనపు మీటర్ల గాలి మారాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి మొత్తం గంటకు 21 సార్లు మారడమన్న మాట. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో ఇది సాధ్యమే. కానీ ఫ్యాన్ ఎంత పెద్దదైనా గదిని బయటికంటే చల్లగా చేయలేదు. డిసెంబరులో చక్కగా పనిచేసే ఈ పద్ధతి, బయట 40 డిగ్రీలున్న మే మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది.

రెండోది నీటి ఆవిరి. ఎయిర్ కూలరు, గ్రీన్‌హౌస్‌లలోని తడి ప్యాడ్లు ఈ కోవలోవి. ఇవి గాలిని ఎంత చల్లబరచగలవన్నది తడి బల్బు ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు ఆ హద్దు సుమారు 23 డిగ్రీలు. మంచి ప్యాడ్‌తో 26 డిగ్రీల దాకా రావచ్చు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్నరోజు ఆ హద్దే 29 డిగ్రీలు. అదే కూలరు అనంతపురంలో మొక్కను కాపాడుతుంది, కాకినాడలో గదిని ఉక్కపోతగా మారుస్తుంది. కూలరు గాలి ఎక్కడైనా తేమను మోసుకొస్తుంది కాబట్టి, ఒకవైపు నుంచి వచ్చిన గాలి మరోవైపు నుంచి వెళ్లిపోయే దారి ఉండి తీరాలి.

మూడోది ఏసీ. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడగలదు. అందులోంచి ఎండకు కాగిన పైకప్పు, గోడల వాటా పోగా మిగిలినదే లైట్లకు దక్కేది. ఏసీ మూడు యూనిట్ల వేడిని తోడటానికి సుమారు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుందనుకుంటే, లైటు మీద ఖర్చైన ప్రతి మూడు యూనిట్లకూ ఇంకో యూనిట్ కలుపుకోవాలి.

మొక్క తానే ఒక కూలరు. ఆకులు విడిచే ఒక లీటరు నీరు ఆవిరవడానికి 0.68 యూనిట్ల వేడిని తీసుకుంటుంది. దీనివల్ల ఆకు చల్లబడుతుంది కానీ వేడి గదిని విడిచిపోదు, తేమ రూపంలో గాలిలోనే ఉంటుంది. ఏసీ ఆ తేమను తిరిగి నీరుగా మార్చేటప్పుడు ఆ భారమంతా మోయాల్సిందే. మూసిన గదుల్లో ఉష్ణోగ్రత బాగానే ఉన్నా బూజు తెగుళ్లు రావడానికి తరచూ కారణం ఈ లెక్కలోకి రాని తేమే.

వెలుగుకు మూసిన తెర గాలికీ మూతే

రిఫ్లెక్టరు, చల్లదనం ఒకదానికొకటి అడ్డుపడే చోటు ఇదే. వెలుగు పోకూడదని అర చుట్టూ తెల్ల తెర బిగించి కడితే లోపల గాలి నిలిచిపోతుంది. గాలి కదలని చోట ఆకు చుట్టూ తడి గాలి పొర ఏర్పడి, ఆకు నీటిని విడవలేదు. నీటితోపాటే కదిలే కాల్షియం లేత ఆకులకు చేరదు. లెట్యూస్‌లో లోపలి లేత ఆకుల అంచులు మాడటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. లైటు ఎక్కువై మాడిందని పెంపకందారు లైటు తగ్గిస్తాడు. తగ్గాల్సింది లైటు కాదు, కదలాల్సింది గాలి.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. తెరను ఆకుల మట్టం నుంచి దీపం మట్టం వరకే వేలాడదీసి, కింద జానెడు, దీపానికి పైన జానెడు ఖాళీ వదలాలి. చల్లని గాలి కిందనుంచి వచ్చి వేడి గాలి పైనుంచి పోతుంది. ఆ సందుల్లోంచి పోయే వెలుగు స్వల్పం. ప్రతి అరలో ఆకులు మెల్లగా కదిలేంత చిన్న ఫ్యాన్ ఉంటే సరిపోతుంది.

సీసాల్లో పెరిగే టిష్యూ కల్చర్ మొక్కలకు ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. కింది అరలోని ట్యూబు వేడికి పై అరలోని సీసా అడుగు వెచ్చబడుతుంది, మూత చల్లగా ఉంటుంది. అడుగున ఆవిరైన నీరు మూతకు పట్టి కారుతుంది. ఆ అతి తేమలో మొక్కలు నీరుపట్టి, గాజులా పెళుసుగా తయారై, బయటికి తెచ్చి నాటగానే చనిపోతాయి. రైతు డబ్బు పెట్టి కొన్న అరటి మొక్క బతకడం, చావడం కొంతవరకు ఆ అరల మధ్య గాలి ఆడటం మీదే ఆధారపడి ఉంది. జాలీ అరలు వాడటం, దీపానికీ పై అరకూ మధ్య ఖాళీ వదలడం, చోక్ బయట పెట్టడం దీనికి ఖర్చులేని మందులు.

తెల్లరంగు డబ్బా విలువ ఎంత?

నాలుగు అరలు, ఒక్కో అర ఒక చదరపు మీటరు ఉన్న చిన్న ఏర్పాటును తీసుకుందాం. లెట్యూస్‌కు చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్‌ల వెలుగు, రోజుకు 16 గంటలు కావాలి. లైట్లు జౌలుకు 2.7 మైక్రోమోల్‌లు ఇచ్చేవి. వచ్చిన వెలుగులో 60 శాతమే ఆకులకు చేరితే 494 వాట్ల లైట్లు కావాలి. తెల్లని తెరలు, తెల్లని అడుగు షీట్‌తో అది 90 శాతానికి చేరితే 329 వాట్లు చాలు. తేడా 165 వాట్లు.

ఇది నెలకు 79 యూనిట్లు. ఆ వేడిని తోడాల్సిన ఏసీ వాటా మరో 26 యూనిట్లు. మొత్తం 105 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే నెలకు 840 రూపాయలు. ఒక డబ్బా తెల్లరంగు, కొన్ని గజాల తెల్ల పట్టా కొద్ది నెలల్లోనే తమ ఖరీదు రాబట్టుకుంటాయి. గిట్టుబాటు ఎప్పుడూ సన్నగా ఉండే ఆకుకూరల సాగులో ఈ మొత్తం చిన్నది కాదు. 2022లో ఐరోపాలో ఇంధన ధరలు పెరిగినప్పుడు, ఈ రంగంలో ఆరితేరిన నెదర్లాండ్స్ గ్రీన్‌హౌస్ రైతులే ఆ శీతాకాలం లైట్లు తగ్గించుకోవాల్సి వచ్చింది.

మార్పు ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఫోన్‌లోని లక్స్ యాప్ కచ్చితమైన విలువ చెప్పలేకపోయినా, అదే లైటు కింద తెర ఉన్నప్పుడు, లేనప్పుడు తేడాను చూపగలదు. ఆకుల ఎత్తులో మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి కొలిచి రాసుకుంటే చాలు. మూలల్లో విలువ మధ్యలో ఉన్నదానికి సగంకంటే తక్కువుంటే కొత్త లైటు కొనేముందు అంచులు చూసుకోవాలి.

ఎండాకాలానికి ఖర్చులేని ఉపాయం ఇంకొకటుంది. మొక్కకు బయటి పగలు, రాత్రితో పనిలేదు. సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 10 వరకు లైట్లు వేసి, మండుటెండ వేళ ఆర్పేస్తే 16 గంటల లెక్క తప్పదు. బయటి గాలి చల్లగా ఉన్నప్పుడే గది తన వేడిని వదిలించుకుంటుంది. ఏసీ కూడా తక్కువ శ్రమతో పనిచేస్తుంది.

కాబట్టి గది సిద్ధం చేసేవారు పాటించాల్సిన వరస ఇది: ముందు గోడలు తెల్లబరచాలి. తర్వాత వేడి గాలి పోయే దారి తీయాలి. చోక్‌లు, డ్రైవర్లు బయటికి మార్చాలి. తమ ఊరి గాలిలో తేమను బట్టి ఫ్యాన్, కూలరు, ఏసీలలో ఒకటి ఎంచుకోవాలి. ఇవన్నీ అయ్యాక వెలుగు కొలిచి, అప్పుడు ఎన్ని వాట్లు కావాలో తేల్చుకోవాలి. దుకాణంలో మొదట అడిగే ఆ ప్రశ్న ఈ వరసలో అందరికంటే చివర రావాల్సింది.